నొప్పి కంటే ముందు మాత్ర

ఆరేళ్లపాటు నాకు నడుము నొప్పి అని అందరికీ అబద్ధం చెప్పాను. డ్యూటీలో ఎవరైనా కుర్చీ జరిపి కూర్చోమంటే నడుము పట్టేసిందని నిలబడే ఉండేదాన్ని. చర్చిలో ప్రసంగం పొడుగైతే వెనక వరసలోంచి లేచి గోడకు ఆనుకునేదాన్ని. మా ఆయన నిజంగానే నడుము అనుకుని ఒక బెల్టు తెచ్చిచ్చాడు. కొన్నాళ్లు అది కట్టుకుని తిరిగాను కూడా. నాకున్నవి మొలలు. రోగుల దగ్గర ఏ మొహమాటం లేకుండా పలికే మాటే, నా గురించి చెప్పాల్సి వచ్చేసరికి గొంతు దాటి వచ్చేది కాదు.

నేను నర్సుని. సోమల దగ్గర ఒక పల్లెలో పుట్టాను. అమ్మా నాయనా వేరేవాళ్ల చేలల్లో కూలికి పోయేవాళ్లు. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, మదనపల్లెలో నర్సింగ్ నేర్చుకుని, పుంగనూరులో ఒక ఆసుపత్రిలో చేరాను. ఇరవై ఎనిమిదేళ్లుగా అక్కడే ఉన్నాను. అందులో ఎక్కువ కాలం ఆపరేషన్లు అయినవాళ్ల వార్డులోనే గడిచింది. కాబట్టి తెలియక దాచుకున్నానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

చివరికి నా గుట్టు బయటపెట్టినవి మెట్లు. మా వార్డు రెండో అంతస్తులో ఉంటుంది. ఒకరోజు సగం మెట్లెక్కేసరికి ఊపిరి అందక కూలబడ్డాను. రక్తం పరీక్ష చేస్తే, ఇంత తక్కువ రక్తంతో ఎట్లా తిరుగుతున్నారని ల్యాబ్ ఆయన నన్నే అడిగాడు. ఆరేళ్లుగా రక్తం ఎటు పోతోందో నాకు తెలుసు. ఇక తప్పక మా ఆయనకు నిజం చెప్పి, మదనపల్లెలో ఒక లేడీ సర్జన్ దగ్గరికి వెళ్లాను. మా ఊళ్లో చూపించుకుంటే అందరికీ తెలిసిపోతుందని అంత దూరం వెళ్లానన్నది కూడా చెప్పేయాలి.

ఆమె నాకంటే చిన్నది. పరీక్ష చేసి, చేతులు కడుక్కుని, నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆ తర్వాత, "సిస్టర్, మీ పేషెంటు ఎవరైనా ఇంత ముదరబెట్టుకోనొస్తే మీరేమంటారు?" అంది.

"తిడతాను మేడం."

"అయితే ఆ తిట్లు మీరే తిట్టుకోండి. నాకు టైము లేదు," అని నవ్వింది. ముందు రక్తం పెరగడానికి మందులిచ్చి, నెలన్నర తర్వాత ఆపరేషన్ అంది.

ఆ ఆపరేషన్ తర్వాత నొప్పి ఎక్కువగా ఉంటుందని ఆమె చెప్పబోతుంటే నేనే అడ్డుపడ్డాను. "నాకు తెలుసు మేడం. రెండు కాన్పులు చూసినదాన్ని. నాకు జాస్తి మందులు అవసరం ఉండదు," అన్నాను. ఆ మాట ఎంత గర్వంగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. ఆమె వాదించలేదు. "చూద్దాం లెండి," అని ఊరుకుంది.

నడుముకు సూది వేసి మధ్యాహ్నం ఆపరేషన్ చేశారు. కాళ్లు రెండూ ఎవరివో అన్నట్టు పడి ఉన్నాయి. ఇంతేనా అనుకున్నాను. మా ఆయనకు నవ్వుతూ కాఫీ తాగి రమ్మని చెప్పాను. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ముందు బొటనవేళ్లు కదిలాయి. తర్వాత మోకాళ్లు తెలిశాయి. ఆ తర్వాత అది వచ్చింది.

దాన్ని వర్ణించడం నాకు చేతకాదు. మంట అంటే చాలదు, పోటు అంటే చాలదు. మనిషిలో మనకు తెలియకుండానే బిగుసుకునే కండ ఒకటి ఉంటుంది. దగ్గినా బిగుసుకుంటుంది, మాట్లాడినా బిగుసుకుంటుంది, భయపడితే ఇంకా బిగుసుకుంటుంది. సరిగ్గా అక్కడే కోసి ఉన్నారు. ఒక్కో బిగింపుకు కళ్ల ముందు తెల్లగా అయిపోయేది. మంచం పక్కనున్న ఇనుప కమ్మీ పట్టుకుని వేలాడాను. బెల్లు కొట్టాను. డ్యూటీలో ఉన్న అమ్మాయి వచ్చింది. ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్లుంటాయి.

"ఓర్సుకోండి మేడం. ఈ ఆపరేషన్‌కు అందరికీ ఉండేదే," అంది.

ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. రాకపోవడానికి కారణం ఉంది. ఆ మాట నాది. ఆ గొంతు కూడా నాదే. మెత్తగా, దయగా, కానీ అప్పటికే పక్క మంచం వైపు తిరిగిపోతూ అనే మాట. ఇరవై ఎనిమిదేళ్లలో దాన్ని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఆ కమ్మీ పట్టుకుని ఉండగానే నాకు ఒక మనిషి గుర్తొచ్చాడు. గంగవరం వైపు నుంచి వచ్చిన పాడిరైతు. ఇదే ఆపరేషన్ అయి మా వార్డులో పడుకున్నాడు. రెండో రోజు నన్ను పిలిచి, "అమ్మా, ఇంకొక సూది ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు. డాక్టరు రాసిన మందు ఉంది. అవసరమైతే ఇవ్వమని చీటీ మీద స్పష్టంగా రాసి ఉంది. నేనేమో, "మగోడివి గదప్పా, అంతమాత్రం ఓర్సుకోలేవా?" అన్నాను. ఆయన ఇంక అడగలేదు. భుజం మీది తువ్వాలు తీసి నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ సంగతి నేను స్టాఫ్‌రూములో చెబితే అందరం నవ్వుకున్నాం. నేనే ఎక్కువ నవ్వాను.

నేనేమీ చెడ్డదాన్ని కాదు. నా పేషెంట్లు పెళ్లిపత్రికలు తెచ్చి ఇచ్చేవాళ్లు. కానీ ఆ వార్డులో నొప్పిని మేము కొలిచే పద్ధతి ఒకటే ఉండేది. అరవనివాడు మంచి పేషెంటు, అరిచినవాడు గోల చేసేవాడు. మాత్ర అడిగితే బలహీనుడు, రెండోసారి అడిగితే అలవాటు పడ్డవాడు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. నాకు పెద్ద నర్సులు నేర్పారు, చిన్నవాళ్లకు నేను నేర్పాను.

తిరిగిపోతున్న అమ్మాయిని పిలిచాను. "పాపా, ఓర్సుకోను. కేస్ షీటు తీసి సూడు. డాక్టరు నాకు రాసిందేదో అది నాకియ్యి," అన్నాను.

ఆ అమ్మాయి తెల్లబోయింది. నేను కూడా నర్సునని ఆమెకు తెలుసు. నర్సులు ఇట్లా అడగరనుకుందేమో. షీటు చూసి, వెళ్లి సూది తెచ్చింది. పది పదిహేను నిమిషాల్లో కమ్మీ మీద నుంచి నా వేళ్లు వాటంతటవే విడివడ్డాయి. నొప్పి పోలేదు. కానీ గది మళ్లీ గదిలా కనబడింది, మా ఆయన ముఖం మా ఆయన ముఖంలా కనబడింది.

మర్నాడు డిశ్చార్జి చేస్తూ సర్జన్ నా మంచం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒక కాగితం మీద అన్నీ రాసింది. పారాసిటమాల్ రోజూ ఆయా వేళలకు తప్పకుండా. దానితోపాటు ఇంకొక నొప్పి మాత్ర, అన్నం తిన్నాకే, కొన్ని రోజులే. అది కడుపులో పుండు చేయకుండా ముందు ఒక మాత్ర. భరించలేనప్పుడు మాత్రమే వేసుకోవడానికి ఒక గట్టి మాత్ర. అది మలబద్ధకం చేస్తుంది కాబట్టి ఊరికే దాని జోలికి పోవద్దంది. విరేచనం మెత్తగా అయ్యేందుకు సిరప్. అక్కడ రాసుకోవడానికి మొద్దుబార్చే జెల్లీ. రోజుకు మూడు నాలుగు సార్లు గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోవడం.

"నాకు ఇవన్నీ తెలుసు మేడం," అన్నాను. ఈసారి గర్వంగా కాదు.

"తెలుసు సిస్టర్. తెలిసినోళ్లే మానేస్తారు. నొప్పి వచ్చినాక మాత్ర వెతుక్కోవడం కాదు. నొప్పి కంటే ముందు మాత్ర ఉండాల. బాగుంది గదా అని ఒక పూట ఎగరగొట్టినారంటే ఆ పూటే మిమ్మల్ని పట్టుకుంటుంది," అంది.

కారులో వెనక సీటు మీద పక్కకు ఒరిగి పడుకుని పుంగనూరు చేరాను. ఆ దారిలో ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో అప్పటిదాకా నేను గమనించలేదు.

ఇంట్లో నన్ను చూసుకోవడానికి అమ్మ వచ్చి ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. నడుము కొంచెం వంగింది గానీ చేతుల్లో బలం తగ్గలేదు. మొదటి రెండు రోజులు అమ్మ రాగి జావ కాచి ఇచ్చింది, టబ్బులో నీళ్లు పోసింది, ఒంగి నేల తుడిచింది. మాత్రల దగ్గర మాత్రం ఆమె ముఖం మాడిపోయేది.

"మళ్లీ మాత్రా? పొద్దున ఏసుకున్నావు గదమే. ఇట్లా మింగతా పోతే కిడ్నీలు యాడుంటాయి?"

"డాక్టరే రాసిందమ్మా. లెక్కగానే ఏసుకుంటాండాను."

"నలుగురిని కన్నా నేను. ఒక సూది ల్యాదు, ఒక మాత్ర ల్యాదు. నెల తిరక్కుండానే సెనిక్కాయ సేన్లో కలుపు తీసినా."

ఈ మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మా ఇంట్లో అది ఆస్తి లాంటిది. పొలం లేదు, బంగారం లేదు, అమ్మ ఓర్పు ఉండేది. మేము దాన్నే చూసి పెరిగాం.

మూడో రోజు పొద్దున లేచేసరికి ఒళ్లు తేలిగ్గా అనిపించింది. కిటికీ దాకా నడిచాను. మధ్యాహ్నం మాత్ర వేళ అయ్యింది. అమ్మ నా వైపే చూస్తోంది. ఈ పూటకు వద్దులే అనుకున్నాను. సర్జన్ మాట గుర్తు లేక కాదు. అమ్మ కళ్ల ముందు నేను కూడా ఓర్చుకోగలనని చూపించాలనిపించింది. యాభై రెండేళ్ల వయసులో, ఇద్దరు బిడ్డల తల్లినై, అమ్మ మెప్పు కోసం ఒక మాత్ర మానేశాను.

సాయంత్రం ఆపరేషన్ తర్వాత మొదటిసారి విరేచనానికి వెళ్లాల్సి వచ్చింది. సిగ్గుపడి ఈ భాగం దాటేస్తే మిగతాదంతా రాయడం దండగ. గాజు పెంకులు అని అందరూ అంటారు. నా పేషెంట్లూ అనేవాళ్లు. నిజమే, అంతకంటే దగ్గరి మాట నాకూ దొరకలేదు. బాత్‌రూము గోడ పలకల మీద చెంప ఆనించి, పెద్దగా అరిచాను. ఆపుకోలేదు. వీధిలో వినబడి ఉంటుంది. తలుపు అవతల అమ్మ, "ప్రభువా, ప్రభువా," అంటూ తలుపు తడుతోంది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. బయటికి వచ్చి మంచం మీద బోర్లా పడ్డాను. అప్పుడు మాత్ర అందుకోబోతే స్ట్రిప్పు కనబడలేదు.

"మాత్రలు యాడమ్మా?"

అమ్మ తల తిప్పుకుని దుప్పటి సర్దింది.

"అమ్మా, మాత్రలు యాడ పెట్టినావు?"

"ఆ మాత్రల వల్లే నీకిట్లా అయ్యింది. వాటితోనే గట్టిపడింది. ఇంక వొద్దు. ప్రార్థన చేసుకో, తగ్గతాది."

లేచాను. లేవగలనని నాకే తెలియదు. గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. పప్పు డబ్బా తీశాను, చక్కెర డబ్బా తీశాను. రాగిపిండి డబ్బాలో దొరికింది, పిండి అంటుకుని. నిలబడే మాత్ర మింగి నీళ్లు తాగాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అమ్మా, నువ్వు ఓర్సుకున్నావు. సరే. నువ్వు ఓర్సుకున్నావని నేనూ ఓర్సుకోవాల్నా? నా బిడ్డ కూడా ఓర్సుకోవాల్నా? దీనికి అంతు యాడ?" అని అడిగాను. గట్టిగానే అడిగాను. అమ్మతో నా జన్మలో ఆ గొంతుతో మాట్లాడలేదు.

అమ్మ ద్వారబంధం పట్టుకుంది. తర్వాత గడప మీద కూర్చుంది. నేను కూర్చోలేను కాబట్టి నిలబడే ఉన్నాను.

"నాకెవురిచ్చినారు మే మాత్ర?" అంది. "ఇచ్చింటే ఏసుకోకుండా ఉంటానా? మీ అన్న పుట్టేటప్పుడు రెండు దినాలు పడినా. అరస్తే పక్కింటోళ్లు ఏమనుకుంటారో అని మీ అవ్వ నా నోరు మూసె. నేనేం కావాలని ఓర్సుకున్నానా?"

ఆ సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్లలో కలుపు తీసిన కథ ఎన్నోసార్లు విన్నాను, ఇది వినలేదు. నేను ఆమె భుజం మీద చేయి వేశాను. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, స్ట్రిప్పుకు అంటిన పిండిని తడిగుడ్డతో తుడిచింది.

"మళ్లా ఎప్పుడేసుకోవాల?" అని అడిగింది.

ఆ రోజు నుంచి పాత క్యాలెండర్ వెనక పేజీ మీద గీతలు గీసి, ఏ మాత్ర ఏ వేళకో రాసి గోడకు తగిలించాను. అమ్మకు చదువు రాదు. అందుకని తెల్ల మాత్రకు ఒక సున్నా, పసుపు మాత్రకు రెండు సున్నాలు, సిరప్‌కు సీసా బొమ్మ వేశాను. ఫోనులో అలారం పెట్టాను. అలారం మోగకముందే అమ్మ గ్లాసు నీళ్లతో వచ్చేది. విరేచనానికి వెళ్లే ముందు జెల్లీ, వచ్చాక టబ్బు. అయిదో రోజు కూడా నొప్పి ఉంది, ఏడో రోజు కూడా ఉంది. కానీ మళ్లీ అరవలేదు. ఆ గట్టి మాత్ర మొత్తానికి రెండుసార్లే వేసుకున్నాను. పది రోజులు దాటాక మధ్యాహ్నం మాత్ర అవసరం లేకపోయింది. తర్వాత రాత్రిది.

ఆ మధ్యలోనే చర్చి ఆడవాళ్లు నలుగురు చూడ్డానికి వచ్చారు. మా ఆయన గుమ్మం దగ్గరే వాళ్లకు, "కడుపు ఆపరేషనమ్మా," అని చెప్పడం నాకు వినబడింది. ఆయన నా పరువు కాపాడుతున్నాననుకున్నాడు. వాళ్లు లోపలికి వచ్చి, కడుపులో ఏమి, గడ్డా, అని అడిగారు.

"గడ్డ కాదు. మొలలు. కోసి తీసేసినారు," అన్నాను.

మా ఆయన ఫ్యాను స్విచ్చు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒకామె బైబిలు తెరిచి గబగబా ఒక కీర్తన చదివింది. ప్రార్థన చేసి వెళ్లిపోయారు. రెండు నిమిషాలకు వాళ్లలో ఒకామె గొడుగు మరిచిపోయానని వెనక్కి వచ్చింది. గొడుగు ఆమె చేతిలోనే ఉంది. మంచం దగ్గరికి వంగి, "ఆ డాక్టరమ్మ మదనపల్లెలో యాడ ఉండాది?" అని చెవిలో అడిగింది. చెప్పాను. ఎన్నేళ్ల నుంచి అని నేను అడగలేదు. ఆమె నడక చూస్తే తెలుస్తూనే ఉంది.

ఆరో వారంలో చర్చికి వెళ్లగలిగాను. ఆరాధన మధ్యలో పాస్టరు అయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. "మన సహోదరి ఎంతో నొప్పిని ఓర్పుతో సహించింది. దేవుడు ఇచ్చిన ఆ సహనాన్ని గురించి రెండు మాటలు చెబుతుంది," అన్నారు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు. నేను మైకు దగ్గరికి వెళ్లాను. అప్పటిదాకా ఏమి చెప్పాలో అనుకోలేదు.

"నేను సహించలేదు," అన్నాను. "అరిచినాను. మొలల ఆపరేషన్ అది. దేవుడు నాకు ఓర్పు ఇయ్యలేదు. మందు కనిపెట్టేవాళ్లకు తెలివి ఇచ్చినాడు, రాసే డాక్టరును ఇచ్చినాడు, వేళకు నీళ్లు తెచ్చి ఇచ్చే మా అమ్మను ఇచ్చినాడు. వాటికి స్తోత్రం చెప్తాండాను. నొప్పికి మాత్రం చెప్పను. అది నాకేమీ నేర్పలేదు. మీ ఇండ్లల్లో ఎవరన్నా ఓర్సుకుంటాండారంటే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. రాసిన మాత్ర రాసినట్టు ఇయ్యండి." అంతే చెప్పి వచ్చి నిలబడ్డాను. మామూలుగా సాక్ష్యం అయ్యాక ఆమేన్ అంటారు. ఆ రోజు ఒకరిద్దరే అన్నారు.

సాయంత్రం ఒక సంఘ పెద్ద మా ఇంటికి వచ్చాడు. మా ఆయనతో, దేవుని మందిరంలో అట్లాంటి మాటలు ఆడవాళ్లు మాట్లాడటం బాగాలేదని, వచ్చే ఆదివారం ఒక మాట సర్ది చెబితే సరిపోతుందని అన్నాడు. నేను లోపలినుంచి బయటికి వచ్చాను.

"సర్ది చెప్పేదేమీ లేదు పెద్దయ్యా. ఒంట్లో ఒక భాగం పేరు చెప్పినాను. అది కూడా దేవుడు చేసిందే గదా," అన్నాను. ఆయన కాఫీ సగం తాగి వెళ్లిపోయాడు. మా ఆయన ఆ రోజు నాతో మాట్లాడలేదు. మర్నాడు మాట్లాడాడు. సర్ది చెప్పమని మాత్రం అడగలేదు.

డ్యూటీలో చేరాక నేను చేసింది పెద్ద పనేమీ కాదు. డాక్టరు రాసిన నొప్పి మందు పేషెంటు అడిగేదాకా ఆగకుండా వేళకు ఇవ్వడం, ఇచ్చాక అరగంటకు వెళ్లి తగ్గిందా అని అడగడం. తోటి నర్సు ఒకామె, "ఇట్లా అలవాటు చేస్తే అందరూ బెల్లు కొడతారు," అంది. "కొట్టనీ. బెల్లు ఉండేది దానికే గదా," అన్నాను. ఇప్పటికీ ఆమెకూ నాకూ ఈ విషయంలో పడదు.

ఆ తర్వాత రెండు నెలలకు కుప్పం నుంచి మా అక్క ఫోన్ చేసింది. బావకూ అదే ఆపరేషన్ అయ్యింది. బావ రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేస్తాడు. సుత్తి పట్టిన చేయి, ఎండలో కాగిన మనిషి. నాలుగు రోజులుగా అన్నం ముట్టడం లేదంది అక్క. "తింటే దొడ్డికి పోవాల గదా అని తినేది మానేసినాడు. మాత్రల కవరు ఇప్పలేదు. ఎవురు చెప్పినా ఇనేది ల్యాదు. నువ్వన్నా రా," అని ఏడ్చింది.

సెలవు పెట్టి బస్సెక్కాను. పలమనేరు మీదుగా వెళ్లే బస్సు. దుప్పటి మడిచి సీటు మీద వేసుకుని కూర్చున్నాను. పక్కనామె ఎందుకని అడిగితే చెప్పాను.

బావ మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. గడ్డం మాసింది. కళ్లు లోపలికి పోయాయి. నన్ను చూడగానే, "వచ్చినావా? నువ్వు చర్చిలో మైకులో చెప్పినావంట గదా," అన్నాడు. ఎగతాళి చేయబోయాడు గానీ సగంలోనే పళ్లు బిగపట్టాడు.

"చెప్పినాను. నువ్వు ఎందుకు మాత్రలు ఏసుకోలేదు?"

"అలవాటైపోతాయంట. మా గ్యాంగులో ఒకడు చెప్పినాడు. అయినా మగోడు ఇంత దానికి మాత్రలు మింగతా కూసుంటాడా?"

గంగవరం రైతుకు నేను అన్న మాటే తిరిగి నా చెవిన పడింది. ఒక్క క్షణం తల దించుకున్నాను. తర్వాత కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాను.

"బావా, ఒక సంగతి చెప్తా ఇను. నేను ఒక మనిషికి రాసిన మందు ఇయ్యకుండా, మగోడివి గదా అని ఎగతాళి చేసినా. అతను నోట్లో గుడ్డ కుక్కుకున్నాడు. నాకు అది జరిగేదాకా నేను చేసింది తప్పని తెలీలేదు. నువ్విట్లా పడుకుంటే నిన్నెవురూ మెచ్చుకోరు. అక్క ఏడస్తాండాది, అంతే. తినకుండా ఉంటే లోపల గట్టిపడి ఇంకా కష్టమైతాది. ఎన్ని దినాలు తినకుండా ఉంటావు?"

బావ కళ్ల చివర నీళ్లు జారి దిండు మీద పడ్డాయి. ముప్పై ఏళ్లలో ఆయన ఏడవడం నేను చూడలేదు. అక్క కూడా చూడలేదేమో, గబుక్కున వంటింట్లోకి వెళ్లిపోయింది.

"భయంగా ఉండాదే," అన్నాడు చివరికి.

"ఉంటాది. నాకూ ఉండె."

కవరు విప్పి చీటీ చూశాను. ఆయన రోజూ వేసుకునే బీపీ మాత్రల సంగతి కూడా డాక్టరు రాసుకున్నాడు. అయినా నాలుగు రోజులు ఏమీ తినలేదు కాబట్టి ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగాను. ముందు కొంచెం కొంచెంగా తినిపించి, తర్వాత రాసినట్టే మొదలుపెట్టమన్నారు. అక్క రాగి జావ పలచగా కాచి తెచ్చింది. ఒక గ్లాసు తాగించి, కాసేపయ్యాక మాత్రలు ఇచ్చాను. గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టాం. సాయంత్రానికి బావ నుదుటి మీద ముడతలు సడలాయి. ఒక ముద్ద సంగటి, ఆకుకూర పప్పు తిన్నాడు. ఇంకొక మాత్ర ఇప్పుడే ఇస్తే ఇంకా బాగుంటుంది కదా అని అడిగాడు.

"ఇయ్యను. ఇంకా రెండు గంటలుండాది. ముందు ఏసుకునేదీ తప్పే, మానేసేదీ తప్పే," అన్నాను. బావ నన్నూ గడియారాన్నీ మార్చి మార్చి చూశాడు.

మర్నాడు పొద్దున వెళ్లాడు. జెల్లీ, మాత్ర, అన్నీ వేళకు అయ్యాక. నేనూ అక్కా వరండాలో నిలబడ్డాం. చాలాసేపు ఏ శబ్దమూ లేదు. ఒకసారి మూలిగాడు. అక్క నా చేయి పట్టుకుంది. మెల్లగా తలుపు తెరుచుకుంది. గోడ పట్టుకుని బయటికి వచ్చి, "బతికినా," అన్నాడు. ముఖం పాలిపోయి ఉంది గానీ నవ్వాడు.

ఆ మధ్యాహ్నం నేను తిరిగి బస్సెక్కాను. నెలన్నరకు బావ పనిలో చేరాడు. గ్యాంగులో వాళ్లకు ఏమని చెప్పాడని అక్కను అడిగాను. వెన్నుపూస జారిందని చెప్పాడట. ఒక బెల్టు కూడా కొనుక్కున్నాడట.

కట్టుకోనీ. ఆయన సిగ్గును ఒక్క రోజులో నేను తీసేయలేను. నాది పోవడానికే ఆరేళ్లు పట్టింది. కానీ ఈ వారం మా వార్డులో ముగ్గురికి మొలల ఆపరేషన్లు అయ్యాయి. ముగ్గురి షీట్లూ నా దగ్గరే ఉన్నాయి. ఏడో మంచం ఆయన నన్ను పిలిచి, గొంతు తగ్గించి, "సిస్టర్, నాది కడుపు ఆపరేషన్ అని బయట చెప్పండి," అన్నాడు. "నీ ఇష్టమప్పా, నువ్వేమన్నా చెప్పుకో," అన్నాను. వేళ అయ్యిందని ఆయన అడగకముందే మాత్ర చేతిలో పెట్టి, నీళ్లు అందించి, మింగేదాకా అక్కడే నిలబడ్డాను.